సింటిలేటర్ పలక తయారీ: ముక్క కోయడం నుంచి సామర్థ్యం కొలిచే దాకా

కణ డిటెక్టర్ల తయారీలోకి కొత్తగా వచ్చిన పరిశోధకుడికి చాలా ల్యాబుల్లో మొదట అప్పగించే పని ఇదే. ఒక ప్లాస్టిక్ సింటిలేటర్ (కణం దూసుకుపోతే మెరిసే ప్లాస్టిక్) ముక్క, ఒక కాంతి సెన్సర్ చేతిలో పెట్టి "వచ్చే మ్యూఆన్లలో ఎన్నింటిని పట్టుకుంటోందో శాతం చెప్పు" అంటారు. మ్యూఆన్లంటే కాస్మిక్ కిరణాల వల్ల ఆకాశం నుంచి నిత్యం వచ్చిపడే కణాలు. ఆసిలోస్కోప్ మీద పల్సు కనిపించడానికి ఒక పూట చాలు. ఆ శాతం పక్కన ప్లస్ ఆర్ మైనస్ గుర్తు వేసి, ఎవరు అడిగినా నిలబడే అంకె రాయడానికి వారాలు పడుతుంది. డిటెక్టర్ మనిషి నేర్చుకోవాల్సింది చాలావరకు ఆ రెండో భాగంలోనే ఉంది.

ఇక్కడ తయారు చేసేది మూడు పలకలు. పరీక్షించాల్సిన పలక 10 సెం.మీ. × 10 సెం.మీ. × 1 సెం.మీ. దాని పైన ఒకటి, కింద ఒకటి, మ్యూఆన్ వచ్చిందని చెప్పే ట్రిగ్గర్ పలకలు; వాటిని కావాలనే 8 సెం.మీ. × 8 సెం.మీ.కు తగ్గించండి. మూడూ ఒకే కొలతలో ఉంటే, పేర్చేటప్పుడు మధ్య పలక 2 మిల్లీమీటర్లు జరిగినా అంచుల్లో వెళ్లిన మ్యూఆన్లు దానికి తగలవు. తప్పు అమరికది, చెడ్డపేరు మాత్రం పలకకు వస్తుంది. పైదానికీ కిందిదానికీ మధ్య దూరం 6 సెం.మీ. ఉంచండి. ఒక్కో పలకకు 6 మి.మీ. × 6 మి.మీ. సిలికాన్ ఫోటోమల్టిప్లయర్ ఒకటి. ఇకపై దీన్ని సెన్సర్ అనే అందాం. కింది అంకెలన్నీ హమామత్సు ఎస్13360-6050 రకానికి, ఈజే-200 రకం ప్లాస్టిక్‌కు సంబంధించినవి. వేరే రకాలు వాడితే వాటి డేటాషీట్ చూసి అంకెలు మార్చుకోవాలి.

ముందు కాగితం మీద లెక్క

సముద్రమట్టం దగ్గర అడ్డంగా పెట్టిన ప్రతి చదరపు సెంటీమీటరు గుండా నిమిషానికి సుమారు ఒక మ్యూఆన్ వెళుతుంది. అంటే 8 × 8 పలకకు నిమిషానికి 60 పైచిలుకు. అందులో 6 సెం.మీ. కింద ఉన్న రెండో పలకకు కూడా తగిలేవి నిమిషానికి 20 నుంచి 30. ఒక రాత్రంతా వదిలేస్తే పదివేలకు అటూఇటుగా వస్తాయి. ఎంతసేపు డేటా తీయాలో ముందే తెలియడం ఈ లెక్క వల్ల వచ్చే లాభం.

మ్యూఆన్ 1 సెం.మీ. ప్లాస్టిక్ దాటేటప్పుడు సుమారు 2 మెగా ఎలక్ట్రాన్‌వోల్టుల శక్తి వదులుతుంది. ఈజే-200 ఒక్కో మెగా ఎలక్ట్రాన్‌వోల్టుకు దాదాపు 10,000 ఫోటాన్లు ఇస్తుంది కాబట్టి మొత్తం 20,000. సెన్సర్ వైశాల్యం 36 చదరపు మి.మీ., పలక ఉపరితలం 24,000 చదరపు మి.మీ. కాంతి పలక లోపల పదే పదే పరావర్తనం చెందుతూ చివరికి ఒక శాతం సెన్సర్‌కు చేరిందనుకుందాం: 200 ఫోటాన్లు. సెన్సర్ వాటిలో 40 శాతం పట్టుకుంటే 80 ఫోటోఎలక్ట్రాన్లు, పట్టుకున్న ఒక్కో ఫోటాన్‌కు ఒకటి చొప్పున. చేత్తో చేసిన మొదటి పలకలో ఇందులో సగం వచ్చినా పని జరుగుతుంది. పదికి లోపు వస్తే మాత్రం గ్రీజులోనో, పాలిష్‌లోనో, చుట్టిన పొరలోనో లోపం ఉన్నట్టే. ముందు ఈ లెక్క వేసుకోని వాళ్లకు ఆరు ఫోటోఎలక్ట్రాన్లు వచ్చినా పల్సు బాగానే వస్తున్నట్టు కనిపిస్తుంది.

కోత, పాలిష్

ప్లాస్టిక్ మీది రక్షణ పొరను చివరి నిమిషం దాకా తీయకండి. పదునైన కార్బైడ్ పళ్లున్న బ్లేడుతో నెమ్మదిగా కోయాలి. వేడి తగలకుండా నీళ్లో గాలో కొడుతూ ఉండాలి. తొందరపడితే అంచు కరిగి మసకబారుతుంది. అంతకన్నా చెడ్డది, లోపల ఒత్తిడి మిగిలిపోయి కొన్నాళ్లకు వెంట్రుకల్లాంటి సన్నని పగుళ్లు రావడం. అసిటోన్ దగ్గరికి కూడా రానివ్వకండి, ఆ పగుళ్లను క్షణాల్లో తెస్తుంది. శుభ్రం చేయడానికి తేలికపాటి సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. నైట్రైల్ గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, వేలి జిడ్డు ఆ ఉపరితలాన్ని పాడుచేస్తుంది.

నాలుగు అంచులను తడి సాండ్‌పేపర్‌తో 400, 600, 800, 1200, 2000 గ్రిట్ వరుసలో రుద్దండి. గ్రిట్ మారినప్పుడల్లా రుద్దే దిశను 90 డిగ్రీలు తిప్పితే పాత గీతలు పోయాయో లేదో కనిపిస్తుంది. ఒక మెట్టు ఎగ్గొడితే ఆ గీతలు చివరి పాలిష్ దాకా మిగులుతాయి. చివర ప్లాస్టిక్ పాలిష్‌తో మెరిపించాక, ఒక అంచు నుంచి ఎదురంచు గుండా అచ్చు కాగితం చదవగలగాలి. పెద్ద ముఖాలను ముట్టుకోకండి. పోత పోసినప్పుడు వచ్చిన నునుపు సాండ్‌పేపర్‌తో రాదు.

సెన్సర్ అంటించడం, చుట్టడం

సెన్సర్‌ను ఒక అంచు మధ్యలో పెట్టండి. అంచు మందం 10 మి.మీ. కాబట్టి 6 మి.మీ. సెన్సర్‌కు పైనా కిందా 2 మి.మీ. చొప్పున మిగులుతుంది. మధ్యలో గాలి ఉంటే వక్రీభవన గుణకం 1.58 నుంచి 1కి పడిపోయి, 39 డిగ్రీలకు మించిన కోణంలో వచ్చే కాంతంతా వెనక్కి పోతుంది. అందుకే ఆప్టికల్ గ్రీజు. బియ్యపు గింజంత చుక్కను మధ్యలో పెట్టి, సెన్సర్‌ను ఒక పక్క నుంచి వాల్చుతూ నొక్కితే బుడగలు బయటికి పోతాయి. మీద నుంచి తిన్నగా నొక్కితే మధ్యలో బుడగ చిక్కుకుంటుంది. గ్రీజు నెలల తరబడి నిలవదు, కారిపోతుంది లేదా ఎండుతుంది. ఏడాది పైన నడవాల్సిన పలకకు మెత్తటి సిలికాన్ ప్యాడ్ గానీ, తిరిగి ఊడదీయక్కర్లేదని తేల్చుకున్నాక ఆప్టికల్ ఎపాక్సీ గానీ వాడండి. సెన్సర్‌ను పట్టుకునే స్ప్రింగో స్క్రూ బిగింపో తప్పనిసరి. గ్రీజు అతికించదు, కాంతికి దారి మాత్రమే ఇస్తుంది.

పరావర్తక పొరగా టెఫ్లాన్ టేపు మూడు నాలుగు చుట్లు సరిపోతుంది. దాన్ని ప్లాస్టిక్‌కు అంటించకండి, వదులుగా చుట్టండి. పొరకూ పలకకూ మధ్య సన్నటి గాలి పొర ఉంటేనే సంపూర్ణాంతర పరావర్తనం జరుగుతుంది, దాని గుండా బయటికి జారిన కాంతిని మాత్రమే టెఫ్లాన్ వెనక్కి పంపాలి. జిగురు పెట్టి నీటుగా అంటించిన పలక చూడ్డానికి బాగుంటుంది, కాంతి మాత్రం తగ్గిపోతుంది.

దానిపై నల్ల వినైల్ టేపు రెండు పొరలు, రెండో పొర మొదటిదాని అతుకులను కప్పేలా. లీకులు వచ్చేవి నాలుగు మూలల్లోనూ, కేబుల్ బయటికొచ్చే చోటా. మూలల్లో టేపు సాగదీసి అంటిస్తే కొన్ని రోజులకు వెనక్కి ముడుచుకుని సందు వదులుతుంది, అక్కడ చిన్న ముక్కలు విడిగా వేయడమే మేలు.

కాంతి లీకు పరీక్ష

దీనికి ఆసిలోస్కోప్ కన్నా మైక్రో ఆంపియర్ మీటరు నమ్మకమైనది. సెన్సర్‌కు పని వోల్టేజ్ ఇచ్చి, గది చీకటి చేసి కరెంటు చూడండి. ఈ సెన్సర్ 25 డిగ్రీల దగ్గర సెకనుకు దాదాపు 20 లక్షల డార్క్ కౌంట్లు (కాంతి లేకుండానే వచ్చే పల్సులు) ఇస్తుంది, ఒక్కొక్కటి 0.27 పికో కూలూంబు. రెండూ గుణిస్తే 0.5 మైక్రో ఆంపియర్ చిల్లర. మీటరు దాదాపు ఇంతే చూపాలి. ఇప్పుడు లైటు వేయండి. ముల్లు కదిలితే లీకు ఉంది. టార్చిని పలక చుట్టూ రెండు సెంటీమీటర్ల దూరంలో నెమ్మదిగా జరుపుతూ, కరెంటు పెరిగిన చోట పెన్సిలు గుర్తు పెట్టి, అక్కడ టేపు వేసి, మళ్లీ మొదటి నుంచి చూడండి.

చిన్న లీకే కదా అని వదిలేస్తే ఇంకో దెబ్బ ఉంది. సెన్సర్‌కు వోల్టేజ్ (బయాస్) ఇచ్చే దారిలో రక్షణకు 10 కిలో ఓమ్ రెసిస్టర్ పెడతాం. లీకు వల్ల కరెంటు 20 మైక్రో ఆంపియర్లకు వెళితే ఆ రెసిస్టర్ మీదే 0.2 వోల్టు పడిపోతుంది, సెన్సర్ గెయిన్, అంటే ఒక్కో ఫోటోఎలక్ట్రాన్‌కు అది ఇచ్చే పల్సు పరిమాణం, తగ్గుతుంది. పగలు ఒక గెయిన్, రాత్రి ఇంకొక గెయిన్. దాన్ని ఉష్ణోగ్రత ప్రభావమనుకుని వారం వృథా చేసుకోవడం చాలా సులభం.

బ్రేక్‌డౌన్ వోల్టేజ్

సెన్సర్ ఒక్కో ఫోటాన్‌కు పల్సు ఇవ్వడం మొదలయ్యే వోల్టేజ్ ఇది. డేటాషీట్ 53 వోల్టులు అంటుంది, ప్లస్ ఆర్ మైనస్ 5 అని కూడా అంటుంది. కాబట్టి ప్రతి సెన్సర్‌కూ విడిగా కొలవాలి. 10 నానో సెకన్ల పల్సుతో ఎల్‌ఈడీని చాలా మసకగా వెలిగించి, ఆ పల్సర్‌తోనే ట్రిగ్గర్ చేసి, సెన్సర్ పల్సు కింది వైశాల్యాన్ని హిస్టోగ్రాం గీయండి. ఒకటి, రెండు, మూడు ఫోటోఎలక్ట్రాన్ల శిఖరాలు విడివిడిగా కనిపించాలి. వాటి మధ్య దూరమే గెయిన్. అర వోల్టు చొప్పున పెంచుతూ అయిదు వోల్టేజ్‌ల దగ్గర ఈ దూరం కొలిచి గీత గీస్తే, ఆ గీత సున్నాను తాకే చోటు బ్రేక్‌డౌన్. దానికి 3 వోల్టులు పైన నడపండి.

శిఖరాలు కలిసిపోయి కనిపిస్తే ముందు గేటు (పల్సును కొలిచే సమయపు కిటికీ) వెడల్పు చూడండి. ఈ సెన్సర్ కెపాసిటెన్స్ 1280 పికో ఫారడ్. 50 ఓమ్‌లతో కలిస్తే 64 నానో సెకన్ల తోక వస్తుంది. 150 నానో సెకన్ల గేటు పెట్టినా అందులో సగటున 0.3 డార్క్ కౌంటు దూరుతుంది. గేటును అర మైక్రో సెకనుకు పెంచితే సగటున ఒకటి పడి శిఖరాల మధ్య లోయలు పూడిపోతాయి.

బ్రేక్‌డౌన్ ఒక్కో డిగ్రీకి 54 మిల్లీ వోల్టులు పెరుగుతుంది. గది 10 డిగ్రీలు వేడెక్కితే 0.54 వోల్టు, మనం పెట్టిన 3 వోల్టుల్లో ఇది 18 శాతం, గెయిన్ కూడా అంతే పడిపోతుంది. సెన్సర్ వెనకే ఒక థర్మామీటర్ చిప్ అంటించి, నిమిషానికోసారి ఉష్ణోగ్రత రాసుకోండి. బయాస్‌ను దాన్నిబట్టి సరిచేయగల సప్లై ఉంటే మంచిదే. లేకపోయినా రికార్డు ఉంటే తర్వాత దిద్దుకోవచ్చు.

యాంప్లిఫయర్, థ్రెషోల్డ్

ఒక్క ఫోటోఎలక్ట్రాన్ 50 ఓమ్‌ల మీద ఇచ్చేది పావు మిల్లీ వోల్టుకు మించదు. 50 రెట్లు పెంచే యాంప్లిఫయర్ పెడితే 10 మిల్లీ వోల్టుల చుట్టుపక్కలకు వస్తుంది, అప్పుడు డిస్క్రిమినేటర్‌కు, అంటే ఒక స్థాయి (థ్రెషోల్డ్) దాటిన పల్సులకే పలికే సర్క్యూట్‌కు, అందుతుంది. యాంప్లిఫయర్‌ను సెన్సర్‌కు వీలైనంత దగ్గర పెట్టండి. కేబుల్ చివర 50 ఓమ్ టెర్మినేషన్ మర్చిపోతే ప్రతి పల్సుకూ ప్రతిధ్వని వస్తుంది: మీటరు కేబుల్‌కు ఒక వైపు 5 నానో సెకన్లు, కాబట్టి 10 మీటర్ల కేబుల్‌లో 100 నానో సెకన్ల తర్వాత రెండో పల్సు. కౌంటు రెట్టింపు అయితే ముందు అనుమానించాల్సింది దాన్నే.

ఇప్పుడు థ్రెషోల్డ్‌ను మెట్టు మెట్టుగా పెంచుతూ కౌంటు రేటు రాసి, రేటును లాగ్ స్కేలు మీద గీయండి. సగం ఫోటోఎలక్ట్రాన్ దగ్గర 20 లక్షలు, అక్కడి నుంచి మెట్లుగా నిట్టనిలువునా పడిపోతూ, ఒక చోట రేటు సెకనుకు కొద్ది కౌంట్ల దగ్గర సమతలంగా నిలబడుతుంది. అక్కడి నుంచి కనిపించేవి ఎక్కువగా మ్యూఆన్లే. థ్రెషోల్డ్‌ను మిల్లీ వోల్టుల్లో రాయకండి, ఫోటోఎలక్ట్రాన్లలో రాయండి. యాంప్లిఫయర్ మార్చిన రోజు మిల్లీ వోల్టుల అంకెలన్నీ చెత్తబుట్టకు పోతాయి.

కోయిన్సిడెన్స్

పై పలక, కింది పలక ఒకేసారి పలికితేనే మ్యూఆన్ వచ్చినట్టు లెక్క. 1930లో బ్రూనో రోస్సీ వాక్యూమ్ ట్యూబులతో కట్టిన సర్క్యూట్ చేసిన పని ఇదే, పద్ధతి అప్పటి నుంచి మారలేదు. డిస్క్రిమినేటర్ల పల్సు వెడల్పు 100 నానో సెకన్లు పెట్టండి. రెండు పలకల విడి రేట్లు, పల్సు వెడల్పు గుణించి దాన్ని రెట్టింపు చేస్తే కాకతాళీయ కోయిన్సిడెన్స్‌ల రేటు వస్తుంది. రెండూ సెకనుకు 1000 చొప్పున కొడుతుంటే సెకనుకు 0.2, అంటే నిమిషానికి 12. అసలు మ్యూఆన్లు 25 అయితే, పలక లోపం ఏమీ లేకుండానే సామర్థ్యం 25ను 37తో భాగించినట్టు 68 శాతం చూపిస్తుంది. థ్రెషోల్డ్ కాస్త పెంచి విడి రేట్లను 100కు దించండి, కాకతాళీయాలు నిమిషానికి 0.12కు పడిపోతాయి. లెక్కతో ఆగకుండా కొలిచి కూడా చూడాలి: ఒక దారిలో 1 మైక్రో సెకను ఆలస్యం పెడితే అసలు మ్యూఆన్లు పోయి కాకతాళీయాలే మిగులుతాయి.

సామర్థ్యం

పైదీ కిందిదీ పలికిన సంఘటనలు ఎన్ని, వాటిలో మధ్య పలక కూడా పలికినవి ఎన్ని: రెండో అంకెను మొదటిదానితో భాగిస్తే సామర్థ్యం. మధ్య పలక సంకేతం ట్రిగ్గర్‌లో ఎక్కడా కలవకూడదు. దోష పరిమితికి సామర్థ్యాన్ని, ఒకటిలోంచి అది తీసేయగా మిగిలినదాన్ని గుణించి, మొత్తం సంఘటనలతో భాగించి వర్గమూలం తీయండి. పదివేల సంఘటనల్లో 98 శాతం వస్తే దోషం 0.14 శాతం. 400 సంఘటనలకైతే 0.7 శాతం, ఆ డేటాతో 98కి, 97.5కి తేడా చెప్పలేం.

ఒకే థ్రెషోల్డ్ దగ్గర తీసిన అంకె ఎవరికీ పనికిరాదు. మధ్య పలక థ్రెషోల్డ్‌ను 5, 8, 12, 16, 20, 30 ఫోటోఎలక్ట్రాన్లకు మారుస్తూ, ఒక్కో చోట ఒక రాత్రి డేటా తీసి గీత గీయండి. సమతలంగా సాగి, మ్యూఆన్ పల్సు శిఖరం దగ్గరయ్యేకొద్దీ కిందికి వంగాలి. ఆ సమతలం మధ్యలో పని చేయండి. ఉష్ణోగ్రత మారి గెయిన్ 18 శాతం తగ్గినా అప్పుడు సామర్థ్యం కదలదు.

గీత ఎడమ చివర ఒక మోసం ఉంది. థ్రెషోల్డ్ బాగా తగ్గిస్తే మధ్య పలక నాయిస్ సెకనుకు 10 లక్షలకు చేరుతుంది. 200 నానో సెకన్ల కిటికీలో దానంతట అది పలికే అవకాశం 18 శాతం. అంటే సెన్సర్‌ను పలక నుంచి ఊడదీసి పక్కన పెట్టినా 18 శాతం "సామర్థ్యం" వస్తుంది. థ్రెషోల్డ్ దించేకొద్దీ సామర్థ్యం మెరుగవుతోందంటే సంబరపడకుండా మధ్య పలక విడి రేటు చూడండి. అది 10,000 అయితే ఈ అదనపు భాగం 0.2 శాతం, భరించవచ్చు.

పల్సు పరిమాణం చెప్పేటప్పుడు సగటు వాడకండి. మ్యూఆన్ వదిలే శక్తి లాండావ్ పంపిణీలో ఉంటుంది, కుడివైపు పొడవాటి తోక. సగటును ఆ తోక లాగేస్తుంది. ఎక్కడ కత్తిరించారన్న దాన్నిబట్టి అంకె మారిపోతుంది. లాండావ్, గౌసియన్ కలిపిన ఫిట్‌లోని శిఖర స్థానమే రాయాలి.

అంకె నమ్మశక్యంగా లేనప్పుడు

సరిగ్గా 100 శాతం వస్తే పండగ చేసుకోవద్దు. మూడు పలకలకూ ఒకే నాయిస్ ఒకేసారి తగులుతూ ఉండొచ్చు: ట్యూబ్ లైటు వేయడం, పంపు ఆన్ అవడం, చవక స్విచింగ్ సప్లై. దీనికి తేలికైన పరీక్ష ఉంది. నిమిషానికి ఎన్ని కోయిన్సిడెన్స్‌లో వంద నిమిషాల పాటు రాసుకోండి. సగటు 25 అయితే ప్రామాణిక విచలనం 5 దగ్గర ఉండాలి. 9 వచ్చిందంటే గుంపులుగా ఏదో దూరుతోంది. అప్పుడు గ్రౌండ్ కనెక్షన్లన్నీ ఒకే బిందువుకు తెచ్చి, సప్లై మార్చి మళ్లీ చూడండి.

99 దాటక మొండికేస్తే దాదాపు ఎప్పుడూ పలకది తప్పు కాదు. గాలి జల్లుల్లో (ఒకే కాస్మిక్ కిరణం వాతావరణంలో పుట్టించే కణాల గుంపుల్లో) వచ్చే రెండు వేర్వేరు కణాలు ఒకటి పై పలకకూ, ఒకటి పక్క నుంచి కింది పలకకూ తగిలితే ట్రిగ్గర్ వస్తుంది, మధ్యదానికి ఏదీ తగలదు. కింద మూడో ట్రిగ్గర్ పలక చేర్చి, దాని పైన కొన్ని సెంటీమీటర్ల మందం సీసం పెడితే ఎలక్ట్రాన్లు అక్కడే ఆగిపోతాయి, మ్యూఆన్లు దూసుకుపోతాయి. ఆ తర్వాత కూడా తేడా మిగిలితే మధ్య పలక పల్సు కిటికీలోపలే వస్తోందో లేదో చూడండి. కేబుల్ రెండు మీటర్లు పొడుగైతే 10 నానో సెకన్లు వెనకపడుతుంది, కిటికీ అంచున ఉన్నవి రాలిపోతాయి.

పలక అంతటా స్పందన ఒకేలా ఉందో లేదో చూడాలంటే మ్యూఆన్లతో ఓపిక కావాలి. ఒక చదరపు సెం.మీ. ట్రిగ్గర్‌కు నిమిషానికి ఒకటి కూడా రాదు. స్ట్రాన్షియం-90 రేడియోధార్మిక మూలంతో (సోర్సుతో) వేగంగా అవుతుంది. లైసెన్సు, రేడియేషన్ భద్రత అధికారి అనుమతి ఉంటేనే. అది కూడా 1 సెం.మీ. పలకకు కింది వైపు ట్రిగ్గర్‌తో కుదరదు, ఆ బీటా కణాల్లో గరిష్ఠ శక్తి 2.28 మెగా ఎలక్ట్రాన్‌వోల్టులు కాబట్టి దాదాపు అన్నీ పలకలోనే ఆగిపోతాయి. సెన్సర్ కరెంటు మాత్రం కొలుస్తూ ఆ సోర్సును సెంటీమీటరు చొప్పున జరపండి. సెన్సర్ ఎదుట కాంతి ఎక్కువ, దూరపు మూలల్లో తక్కువ రావడం సహజమే. ఒక పక్క మాత్రమే పడిపోతే ఆ అంచు పాలిష్ మళ్లీ చూడాలి.

ఒక పలక నుంచి వెయ్యి పలకలకు

ఈ పని చేతికొచ్చాక ఎదురయ్యేది సంఖ్య. జపాన్‌లోని టీ2కే న్యూట్రినో ప్రయోగంలో, కణాలు పుట్టే చోటికి దగ్గరగా ఉన్న డిటెక్టర్‌లో మొదట అమర్చిన ఇలాంటి సెన్సర్లు సుమారు 56,000. అక్కడ ఒక పలకను అద్భుతంగా చేయడం కన్నా, వెయ్యో పలక మొదటిదానిలాగే ఉందని చూపించడం ముఖ్యం. కాబట్టి మొదటి మూడింటి నుంచే ప్రతి పలకకూ క్రమసంఖ్య ఇవ్వండి. సెన్సర్ సంఖ్య, బ్రేక్‌డౌన్ వోల్టేజ్, కొలిచిన నాటి ఉష్ణోగ్రత, చీకటి కరెంటు, మ్యూఆన్ శిఖరం ఎన్ని ఫోటోఎలక్ట్రాన్లు, సామర్థ్యం, గ్రీజా ప్యాడా, ఎవరు చుట్టారు. చివరిది పనికిమాలినదిగా అనిపిస్తుంది గానీ, కాంతి తక్కువ వచ్చిన పలకలన్నీ ఒకే చేతి పని అని తేలిన సందర్భాలు ప్రతి పెద్ద ఉత్పత్తిలోనూ ఉంటాయి. అది నింద వేయడానికి కాదు, టేపు ఎంత బిగించాలో మళ్లీ చూపించడానికి.

తర్వాతి మెట్టు బీమ్ పరీక్ష, అంటే యాక్సిలరేటర్ నుంచి వచ్చే కణాలతో పలకను పరీక్షించడం. హాంబర్గ్‌లోని డెసీ ల్యాబులో 1 నుంచి 6 గిగా ఎలక్ట్రాన్‌వోల్టుల ఎలక్ట్రాన్లు, ఫెర్మీల్యాబ్‌లో 120 గిగా ఎలక్ట్రాన్‌వోల్టుల ప్రోటాన్లు, సెర్న్‌లో రకరకాల కణాలు దొరుకుతాయి. అక్కడ మీకిచ్చేది ఒకటి రెండు వారాలు. మొదటి రెండు రోజులు కేబుళ్లకూ టైమింగ్‌కూ పోతాయి. ల్యాబులో కాస్మిక్ కిరణాలతో వేసిన సమతల గీత చేతిలో లేకుండా వెళ్లిన బృందం మిగతా రోజుల్లో సగం దాన్ని వెతుక్కుంటూ గడుపుతుంది. బయల్దేరే ముందు మూడు పలకలనూ విప్పి, పెట్టెలో సర్ది, తీసి, మళ్లీ అమర్చి, ఒక రాత్రి డేటా తీయండి. ప్రయాణంలో గ్రీజు జారేది ఇక్కడే తెలుస్తుంది. మ్యూఆన్ శిఖరం 5 శాతం కన్నా ఎక్కువ కిందికి దిగి, ఉష్ణోగ్రత దానికి లెక్క చెప్పకపోతే, స్ప్రింగు మార్చి గ్రీజు మళ్లీ వేయాల్సిందే.